నన్నారిలో వేరెంత, చక్కెరెంత?

ఎండలు ముదిరాయంటే కడపలో, కర్నూలులో సోడా బండ్ల మీద నన్నారి సీసాలు బారులు తీరతాయి. గ్లాసు అడుగున ఎర్రటి పాకం, పైన సగం నిమ్మచెక్క పిండి, నానిన సబ్జా గింజలు వేసి, బుస్సుమనే సోడా కొట్టి ఇస్తారు. ఒంటికి చలువన్నది తాతల నాటి మాట. దానికి ఇప్పుడు ‘కొలెస్ట్రాల్ కూడా కరుగుతుంది’ అన్న మాట తోడైంది. ఈ రెండోదాన్నే కాస్త తవ్వి చూడాలి.

నన్నారి రుచికి మూలం రెండు వేర్లు. ఒకటి సుగంధిపాల, సన్నటి వేరు. రెండోది మారేడు గడ్డ. పేరు కలిసింది గానీ శివుడి మారేడుతో దీనికి చుట్టరికం లేదు. శాస్త్రవేత్తలు డెకాలెపిస్ హామిల్టోనీ అంటారు. నల్లమల, శేషాచలం వంటి ఎండు కొండల్లో, రాళ్ల సందుల్లో పాకే తీగ కింద గుత్తులుగా ఊరుతుంది. పచ్చి గడ్డను విరిస్తే వాసన గుప్పుమంటుంది. రోకటితో ఒక్క దెబ్బ వేస్తే కండ గల బెరడు విడిపోయి, లోపలి కట్టెపుల్ల బయటపడుతుంది. పుల్ల పారేసి బెరడునే ఉడికించి పాకం పడతారు, ఊరగాయా పెడతారు. ఆ వాసననిచ్చే పదార్థంలోనూ వెనిలా వాసననిచ్చే వెనిలిన్‌లోనూ ఉన్నవి అవే పరమాణువులు, అన్నే. అమరికే వేరు.

మరి కొలెస్ట్రాల్ సంగతి? సుగంధిపాల సారం ఇచ్చిన ఎలుకల్లో రక్తంలోని కొవ్వులు తగ్గినట్టు పరిశోధనలున్నాయి. కానీ ఎలుకకిచ్చింది సారం, మనం తాగేది షర్బత్. జంతువుల దగ్గర గెలిచిన మందు మనిషి దగ్గర ఓడిపోవడం కొత్తేమీ కాదు. గుగ్గులునే చూడండి. 1960లలో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జి.వి. సత్యవతి కుందేళ్ల మీద చేసిన పరిశోధనతో దానికి పేరొచ్చింది, మందై అంగళ్లకూ చేరింది. 2003లో అమెరికాలో 103 మందిపై ఎనిమిది వారాలు పరీక్షిస్తే చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గకపోగా కాస్త పెరిగింది. కొందరికి దద్దుర్లూ వచ్చాయి.

అలాగని మొక్కలన్నీ ఉత్తవే అనలేం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1990లో ప్రచురించిన అధ్యయనంలో, నూనె తీసిన మెంతిపిండి తిన్న మధుమేహ రోగుల్లో కొలెస్ట్రాల్ తగ్గింది. అయితే మోతాదు రోజుకు 100 గ్రాములు! మెంతుల్లోని జిగురు పీచు పేగుల్లో పైత్యరసాన్ని పట్టేసి బయటికి పంపుతుంది. కొత్త పైత్యరసం కోసం కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకోవాల్సి వస్తుంది. వడగట్టిన నన్నారి పాకంలో అలాంటి పీచు మిగలదు. మిగిలేదల్లా వాసన, రంగు, చక్కెర.

అసలు తిరకాసు ఈ చక్కెరతోనే. చిక్కటి పాకంలో దాదాపు మూడింట రెండు వంతులు అదే. గ్లాసుకు 30 గ్రాముల పాకం పోస్తే 20 గ్రాముల చక్కెర కడుపులోకి పోయినట్టే. పెద్దవాళ్లు రోజుకు 25 గ్రాములు దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. చక్కెర ఎక్కువైతే కాలేయం దాన్ని ట్రైగ్లిజరైడ్లనే కొవ్వుగా మారుస్తుంది. కొవ్వు తగ్గించుకుందామని రోజుకు రెండు గ్లాసులు తాగేవాళ్ల లిపిడ్ రిపోర్టులో పెరిగేది అదే.

గిరాకీ పెరిగితే కొండకూ దెబ్బే. మారేడు గడ్డ తవ్వడమంటే తీగను పెకలించడమే కదా! దేశంలో దక్షిణాదికే పరిమితమైన ఈ మొక్క ఇప్పటికే అంతరించే ముప్పున్న జాతుల్లో ఉంది. గుత్తిలో సగం గడ్డలు వదిలేసి మట్టి కప్పితే తీగ మళ్లీ బతుకుతుంది. కానీ కిలోల లెక్కన కొనే వ్యాపారికి అంత ఓపికెక్కడిది?

ఎండలో వచ్చి ఒక గ్లాసు నన్నారి తాగండి, పాకం తక్కువ వేయమని చెప్పండి. కొలెస్ట్రాల్ భయముంటే మాత్రం పరగడుపున లిపిడ్ పరీక్ష చేయించుకోండి. డాక్టరు రాసిన మాత్రను షర్బత్‌ను నమ్ముకుని మానేయకండి.