తెరపైకి రావలసిన హేమావతి

సాంఘికశాస్త్రమనిన బాలబాలికలకు విసుగు. రాజుల వరుసలు, తేదీలు, నదుల పేరులు కంఠస్థముచేసి పరీక్షనాడు అప్పగించుటయే ఆ శాస్త్రమని వారి తలంపు. ఈ విసుగును పోగొట్టుటకు నూతనసాధనములు కావలెనని మన దేశము ఏనాడో గుర్తించినది. 1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరము ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు చేరినవి. వానిలో ఆంధ్రగ్రామములును గలవు. 2022 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వము ఎనిమిదవ తరగతివారికి ట్యాబులు పంచినది. మరుసటి యేట తరగతిగదులలో పెద్ద తెరలు వెలసినవి.

సాధనము వచ్చినది, సరియే. దానిపై చూపునదేమి? రాష్ట్రమంతటికిని ఒక్కటే పాఠము తయారై వచ్చినచో అచ్చుపుస్తకమునకు దీపము తగిలించినట్లగునే గాని వేరు ప్రయోజనము లేదు.

మడకశిర సీమనే చూడుడు. ఇచటి హేమావతి నొళంబరాజుల రాజధాని. నాటి పేరు హెంజేరు. నొళంబవాడిని జయించిన చోళులు అచటి శిల్పస్తంభములను కావేరీతీరమునందలి తిరువయ్యారునకు తరలించుకొనిపోయిరి. మరికొన్ని శిల్పములు చెన్నపట్టణపు ప్రదర్శనశాలకు చేరినవి. హేమావతి సిద్ధేశ్వరాలయమును చూచుటకు తెర యక్కరలేదు, బస్సు చాలును. కాని మూడుచోట్ల చెదరిన ఆ సంపదను ఒక్క గదిలో ప్రక్కప్రక్కన నిలిపి చూపుట తెరకే సాధ్యము. రాజ్యము గెలిచినవారు స్తంభములనేల మోసికొనిపోయిరని ఒక్క బాలిక యడిగెనా, చరిత్రపాఠము ఆరంభమైనట్లే. కర్ణాటకమును ఆనుకొనియున్న ఈ సీమలో ఇంట కన్నడము మాటలాడు పిల్లలు పెక్కురు. హేమావతి శాసనములను నేటి లిపిలో తెరపై నుంచినచో వారు కొన్ని పదములనైన గుర్తుపట్టి తోడి తెలుగుపిల్లలకు చెప్పగలరు గదా!

నీటిసంగతియు అట్టిదే. పూర్వపు అనంతపురము జిల్లాలో ఏటి సగటు వర్షము దాదాపు 550 మిల్లీమీటర్లు. శ్రీశైలజలాశయమునుండి ఎత్తిపోసిన కృష్ణాజలములను ఇటు తెచ్చుటకై హంద్రీ–నీవా పథకమున మడకశిర శాఖాకాలువ యేర్పడినది. ఇస్రో 2009లో ఆరంభించిన భువన్ పటములలో పిల్లలు తమ యూరిచెరువును వెదకి, ఆ కాలువదారిని గీయవచ్చును. ఆ చెరువు ఏయేట నిండినదో ఇంటికిపోయి తాతను అడిగి రావలెను.

ఇట్టి పాఠములు కూర్చుటకు ఉపాధ్యాయునకు తర్ఫీదు, వ్యవధి, ఆ బస్సుఖర్చు కావలెను. తెరలకు వెచ్చించిన ప్రభుత్వము ఈపాటి వ్యయమునకు వెనుదీయరాదు. 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లా విద్యాధికారులు మడకశిర పాఠశాలలతోనే దీనిని ఆరంభింతురు గాక.