మీకు తెలుసా? కాల్చమంటే కాల్చాల్సిందేనా!

యుద్ధం అన్యాయమని సిపాయికి రూఢిగా తెలిస్తే, రాజు వెళ్ళమన్నా వెళ్ళకూడదు. ఈ మాట అన్నది ఏ తిరుగుబాటుదారో కాదు, స్పెయిన్‌లోని సాలమాంకా విశ్వవిద్యాలయంలో దైవశాస్త్రం చెప్పిన ఫ్రాన్సిస్కో దె విటోరియా. 1539లో ఆయన రెండు ఉపన్యాసాలిచ్చాడు. ఒకటి అమెరికాలో స్పెయిన్ ఆక్రమణల మీద, రెండోది యుద్ధధర్మం మీద. పోప్ గానీ చక్రవర్తి గానీ లోకానికంతటికీ ఏలిక కాడని తేల్చేశాడు. మనం కనిపెట్టాం కాబట్టి ఆ నేల మనదైతే, అమెరికా వాళ్ళే ఓడలెక్కి వచ్చి మనల్ని కనిపెట్టి ఉంటే స్పెయిన్ వాళ్ళదయ్యేదా అని వాదించాడు. చక్రవర్తి ఐదో చార్లెస్‌కు ఒళ్ళు మండింది. ఆ నవంబరులోనే, ఇలాంటి చర్చలు కట్టిపెట్టించమని సాలమాంకాలోని మఠాధిపతికి ఉత్తరం రాశాడు.

అలాగని విటోరియాను మరీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. సిపాయికి అనుమానం మాత్రమే ఉంటే రాజు మాట వినవచ్చన్నాడు. ప్రయాణానికో, వ్యాపారానికో, మతప్రచారానికో స్థానికులు అడ్డొస్తే యుద్ధం న్యాయమే కావచ్చన్నాడు. ముందు తలుపులన్నీ మూసి, పెరటి తలుపు తీసిపెట్టాడన్నమాట.

*

అమెరికాలో దాడికి ముందు నోటీసు చదివి వినిపించాలన్న నియమం కూడా స్పెయిన్ వాళ్ళకుండేది. 1513 ప్రాంతంలో పలాసియోస్ రూబియోస్ అనే న్యాయకోవిదుడు దాన్ని రాశాడు. పోప్ ఈ నేలను మా రాజుకిచ్చాడు, లొంగిపోండి, లేదంటే మీ పెళ్ళాం బిడ్డల్ని బానిసలుగా పట్టుకుపోతాం, ఆ పాపం మీదే... అదీ సారాంశం. చదివేది స్పానిష్‌లో. వినేవాళ్ళకు ఆ భాష ముక్క రాదు. ఒక్కోసారి జనం పారిపోయిన ఖాళీ ఊళ్ళో కూడా చదివేవారు. కాగితం మాత్రం పక్కాగా ఉండాలి!

*

మన దేశానికి వద్దాం. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో 76వ సెక్షన్ కింద ఒక ఉదాహరణ ఉంది. ఒక సిపాయి, చట్టానికి లోబడి పైవాడిచ్చిన ఉత్తర్వు మీద, గుంపు మీద కాల్చాడు. అతను ఏ నేరమూ చేయలేదు. ఉదాహరణ అంతే. 2024 జూలై 1 నుంచి పీనల్ కోడ్ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో 14వ సెక్షన్ తీసి చూడండి, ఆ సిపాయి అక్కడా ఉన్నాడు.

*

మరి కాల్చనన్న సిపాయి సంగతి? 1930 ఏప్రిల్ 23న పెషావర్‌లో ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్‌ను అరెస్టు చేశారని జనం కిస్సా ఖ్వానీ బజారులో పోగయ్యారు. సాయుధ కార్లొచ్చాయి, తుపాకులు పేలాయి. ఎంతమంది పోయారన్నదానిలో సర్కారు లెక్కకూ జనం లెక్కకూ పొంతన లేదు. ఆ అలజడిలోనే రాయల్ గఢ్‌వాల్ రైఫిల్స్ రెండో బెటాలియన్ సిపాయిలు నిరాయుధుల మీద తుపాకి ఎత్తం అన్నారు. వాళ్ళకు ముందు నిలిచినవాడు హవల్దార్ చంద్రసింగ్. గఢ్‌వాలీలు హిందువులు, ఎదుటి జనం పఠాన్ ముస్లింలు. ఆ తేడా చూసుకునే ఈ పటాలాన్ని అక్కడ పెట్టారన్నది చాలామంది చరిత్రకారుల మాట. లెక్క తప్పింది.

కోర్టు మార్షల్ జరిగింది. బారిస్టర్ ముకుందీలాల్ వాళ్ళ తరఫున వాదించాడు. చంద్రసింగ్‌కు యావజ్జీవ శిక్ష పడింది. బయటికొచ్చేసరికి 1941. రాహుల్ సాంకృత్యాయన్ ఆయన జీవితచరిత్రను హిందీలో పుస్తకంగా రాశాడు.

ఈ మధ్యలో జరిగిన ముచ్చట ఒకటుంది. 1931 మార్చిలో గాంధీ-ఇర్విన్ ఒడంబడిక కుదిరి సత్యాగ్రహ ఖైదీలు విడుదలయ్యారు. ఆజ్ఞ ధిక్కరించి శిక్షపడిన సైనికులకూ పోలీసులకూ మాత్రం ఈ విడుదల వర్తించదని ఆ ఒడంబడికలోనే రాశారు. అంటే గఢ్‌వాలీలు లోపలే. అదే ఏడాది లండన్‌లో ఒక ఫ్రెంచ్ విలేకరి గాంధీని దీని గురించి నిలదీశాడు. ఆయన నీళ్ళు నమల్లేదు. కాల్చమన్నప్పుడు కాల్చని సిపాయి తాను చేసిన ప్రమాణాన్ని తప్పినట్టే అన్నాడు. రేపు అధికారం మా చేతికొస్తే బహుశా ఇదే సైన్యంతో, ఇదే ఉద్యోగులతో పని చేయించుకోవాలి, ఇప్పుడు ధిక్కారం నేర్పితే అప్పుడు మా మాటా వినరు అన్నది ఆయన వాదన.

అహింస బోధించిన గాంధీ సిపాయి ప్రమాణం పక్షాన, యుద్ధాన్ని పూర్తిగా కాదనని విటోరియా సిపాయి మనస్సాక్షి పక్షాన! గాంధీని వెనకేసుకొచ్చేవారు, ఆయనకు మాట తప్పడమే పెద్ద అసత్యమంటారు. కావచ్చు. కానీ కొలువులో చేరేటప్పుడు ఆకలి తీరడం తప్ప మరేదీ అడగని పల్లెటూరి కుర్రాడు ఏ ప్రమాణం చేశాడని, దాన్ని తప్పడానికి? నాకైతే చంద్రసింగ్ వైపే మొగ్గు.

*

కొసరుగా ఒకటి. 1914 నాటి బ్రిటిష్ సైనిక న్యాయ మాన్యువల్ ప్రకారం, పై ఆజ్ఞ మీద యుద్ధనియమాలు ఉల్లంఘించిన సైనికుడు యుద్ధనేరస్థుడు కాడు. ఆ అధ్యాయం రాసినవాళ్ళలో కేంబ్రిడ్జి ఆచార్యుడు ఒపెన్‌హైమ్ ఒకడు. అంతర్జాతీయ చట్టం మీద ఆయన గ్రంథంలోనూ అదే మాట. తర్వాత ఆయన పీఠంలో కూర్చున్న లాటర్‌పాక్ట్, 1940లో ఆ గ్రంథాన్ని సరిదిద్దుతూ గురుపీఠం మాటనే కొట్టేశాడు. 1944 ఏప్రిల్‌లో మాన్యువల్‌నూ మార్చారు. అప్పటికే జర్మన్ల మీద విచారణలకు సన్నాహాలు సాగుతున్నాయి. వాళ్ళ లాయర్లు రేపు కోర్టులో చదవబోయే సాకు బ్రిటిష్ పుస్తకంలోనే అచ్చై ఉంటే బాగుండదు కదా!