దీపారాధన తైలము: కొలతయు, తూనికయు

దేవాలయమునకు తైలము సమర్పించు భక్తులు సంకల్పములో ఒక పరిమాణమును పలుకుదురు. "పదిహేను కిలోల నువ్వుల నూనె" అని ఒకరు, "పదిహేను లీటర్లు" అని వేరొకరు అందురు. ఈ రెండును ఒకటియే యని పెక్కుమంది భావన. కాని కిలో తూనికకు, లీటరు కొలతకు సంబంధించినవి. పలికిన మాటకును, ఇచ్చిన ద్రవ్యమునకును భేదము రాకుండుటకు ఈ వివరము తెలిసికొనుట మేలు.

మన పూర్వులు ఈ భేదమును చక్కగా ఎరిగినవారే. తుల, అంగుళి, ప్రస్థము అను మూటివలన మానము మూడు విధములని అమరకోశము చెప్పుచున్నది. అనగా తూచునవి, పొడవు చూచునవి, పాత్రతో కొలుచునవి వేరువేరు. శాస్త్రమానములో నాలుగు పలములు కుడవము, నాలుగు కుడవములు ప్రస్థము, నాలుగు ప్రస్థములు ఆఢకము, నాలుగు ఆఢకములు ద్రోణము. ద్రవద్రవ్యములను కుడవము మొదలుకొని రెట్టింపుగా గ్రహింపవలెనని ఆయుర్వేద పరిభాషలో ఒక నియమము కలదు. కావున "ప్రస్థము" అన్న మాట యొక్కటే చాలదు. అది ఏ ద్రవ్యమునకో కూడ తెలియవలెను.

తెలుగునాట నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము. ఇవి పాత్రతో కొలుచునవి. తూనికలో మూడు తులములు పలము, నలుబది పలములు వీశె. తులము 11.66 గ్రాములు గనుక వీశె సుమారు 1.4 కిలోలు. శేరు అన్నచో 24 తులముల కచ్చా శేరు ఒకటి, 80 తులముల పక్కా శేరు ఒకటి. పేరు ఒకటే, పరిమాణములు రెండు. మానికయు ఊరూర ఒకే తీరున ఉండెడిది కాదు.

ఈ చిక్కు తెలిసియే పూర్వము దాతలు కొలపాత్ర పేరును సైతము శిలపై చెక్కించిరి. తంజావూరు బృహదీశ్వరాలయ శాసనములలో ఒక్కొక్క దీపమునకు 96 గొఱ్ఱెలను ఇచ్చి, దినమునకు ఒక ఉళక్కు నేయి "ఆడవల్లాన్" అను పాత్రతో కొలిచి పోయవలెనని నిర్దేశించిరి. మన ద్రాక్షారామ భీమేశ్వరాలయమునందును అఖండదీపములకు పశువులను ఇచ్చిన దాన శాసనములు పెక్కు కలవు.

ఇక నేటి లెక్క. ఒక లీటరు నీరు ఒక కిలో తూగును. నూనె నీటికంటె తేలిక. అందుచేతనే నీటిపై తేలును. ఒక లీటరు నువ్వుల నూనె గాని, కొబ్బరినూనె గాని సుమారు 920 గ్రాములు, కరగిన నేయి సుమారు 910 గ్రాములు, ఆముదము సుమారు 960 గ్రాములు తూగును. లీటర్లను కిలోలుగా మార్చుటకు నువ్వుల నూనె విషయమున 0.92తో గుణింపవలెను, కిలోలను లీటర్లుగా మార్చుటకు 0.92తో భాగింపవలెను.

ఉదాహరణకు, 15 లీటర్ల డబ్బాలో నువ్వుల నూనె సుమారు 13.8 కిలోలే యుండును. 15 కిలోల డబ్బాలో సుమారు 16.3 లీటర్లుండును. 15 కిలోలు మ్రొక్కుకొని 15 లీటర్ల డబ్బా ఇచ్చినచో 1.2 కిలోలు తరుగు. నూనె వేడికి వ్యాకోచించును గనుక ఎండకాలపు లీటరు చలికాలపు లీటరుకంటె కొంచెము తేలిక. తూకము మాత్రము మారదు. కావున డబ్బాపై లీటర్లతోపాటు ముద్రించిన బరువును చూచి కొనుట శ్రేయస్కరము.

ఇంటిలో పెద్దలనాటి మానిక యున్నవారు దాని పరిమాణమును సులభముగా తెలిసికొనవచ్చును. ముందు ఖాళీ పాత్రను తూచి, తరువాత నిండుగ నీరు పోసి తూచవలెను. నీటి బరువు 1,200 గ్రాములైనచో ఆ మానిక 1.2 లీటర్లు, దానిలో పట్టు నువ్వుల నూనె సుమారు 1.1 కిలోలు.

అఖండదీపమునకు తైలమీయదలచినవారు ముందుగా ఆ ప్రమిదలో 100 మిల్లీలీటర్ల నూనె ఎన్ని గంటలు వెలుగునో అర్చకులను అడుగవలెను. పది గంటలు వెలిగినచో గంటకు 10, దినమునకు 240 మిల్లీలీటర్లు. 30 దినములకు 7.2 లీటర్లు, అనగా సుమారు 6.6 కిలోలు. వత్తి లావైనకొలది వ్యయము హెచ్చును గనుక ఈ లెక్కపై కొంత అధికముగా ఇచ్చుట ఉచితము.

సంకల్పము చెప్పునపుడును, రసీదు వ్రాయించునపుడును "కిలోలు" అనియో "లీటర్లు" అనియో స్పష్టముగా పలుకుడు. తైలము ఏదియో కూడ చెప్పుడు. శక్తి కొలది ఇచ్చినది గిద్దెడైనను కొరత లేదు. ఇత్తునన్న మాటకు తరుగు రాకుండుట ముఖ్యము.

స్వస్తి.