మిరప పూత ఎందుకు రాలింది?

2021 చివర్లో మహబూబాబాద్, భూపాలపల్లి మిరప తోటల్లో పూత నిలవలేదు. కారణం నల్ల తామర పురుగు. మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది 2015లో, బెంగళూరులో, బొప్పాయి మీద!

పువ్వును తెల్ల కాగితంపై తట్టి చూడండి. మిల్లీమీటరంత నల్లటి నలుసులు పరుగెడతాయి. పువ్వులో దూరి, గీరి, రసం పీల్చేది ఇవే. ఇక కాయ ఎలా కడుతుంది?

మరి మందు కొట్టినా ఎందుకు చావవు? పూరేకుల మాటున వాటికి మందు తగలదు. కొన్నాళ్లు మట్టిలో దాగుతాయి కూడా. పైగా ఘాటు మందులకు ముందు చచ్చేది వాటిని తినే మిత్ర పురుగులే. అప్పు చేసి కొన్న మందు పురుగుకే మేలు చేస్తే రైతుకు ఎంత కష్టం!

మరి దారేమిటి? తామర పురుగులకు నీలం రంగంటే ఇష్టం. అందుకే చేనంతా మొక్కల ఎత్తున నీలి జిగురు అట్టలు కడతారు. వాలినవి అతుక్కుపోతాయి. వేపనూనె పిల్ల పురుగుల ఎదుగుదలను ఆపుతుంది.