గీత దిగిందని కాయ తెంపకండి

బత్తాయి సీజన్ మొదలైందంటే నందికొండ చుట్టుపక్కల, అంటే పెద్దవూర, హాలియా, తిరుమలగిరి వైపు తోటల్లో, ఒక బొమ్మ ఫోన్ నుంచి ఫోన్‌కు పాకుతుంది. నాలుగు కడ్డీలుంటాయి. ఒకదానికన్నా ఒకటి పొట్టి. చివరిది నేలకు అంటుకుపోయి ఉంటుంది. పైన ‘బత్తాయి ధర ఢమాల్’ అని ఎర్రటి అక్షరాలు. అదే బొమ్మ పట్టుకుని దళారి తోటకు వస్తాడు. “సూసినవ్ గదన్నా, రేపటికి ఇంకా పడ్తది. రెండ్రోజుల్ల తెంపుదాం.” రైతు గుండె జారి పచ్చికాయ తెంపిస్తాడు.

బత్తాయి మామిడిలాగా, అరటిలాగా తెంపాక మాగే పండు కాదు. చెట్టు మీద ఎంత తీపి పట్టిందో అంతే. తొందరపడి తెంపితే రసం తక్కువ, తూకం తక్కువ, ఆ వంకతో ధరా తక్కువే. ఏడాదంతా బోరు నీళ్లతో కాపాడుకున్న పంట ఒక బొమ్మకు బలైపోతోంది.

కడ్డీ మూడో వంతుకు తగ్గితే ధరా మూడో వంతుకు పడిపోయినట్టే అనుకోవడం ఇక్కడ అసలు అపోహ. టన్ను 16,000 నుంచి 15,000కు దిగిందనుకుందాం. తగ్గింది వంద రూపాయలకు ఆరుంబావు. సున్నా నుంచి కడ్డీలు గీస్తే తేడా కంటికి ఆనీ ఆనకుండా ఉంటుంది. అదే పక్కనున్న అంకెల నిచ్చెనను 14,500 దగ్గర మొదలుపెట్టండి. మొదటి కడ్డీ 1,500 ఎత్తు, రెండోది 500. ధర ఒక్క వెయ్యి తగ్గితే కడ్డీ మూడో వంతుకు కుంగింది. అంకె ఒక్కటీ అబద్ధం కాదు, బొమ్మ మాత్రం పచ్చి అబద్ధం. కడ్డీల బొమ్మ ఎలా పుట్టిందో చూడండి. 1786లో విలియం ప్లేఫెయిర్ వర్తకపు లెక్కల పుస్తకం అచ్చువేసినప్పుడు స్కాట్లాండ్‌కు ఒక్క ఏడాది అంకెలే దొరికాయి. కాలం వెంట గీత లాగే వీల్లేక, ఏ దేశంతో ఎంత వ్యాపారమో కడ్డీల పొడవుతో చూపించాడు. కడ్డీ చెప్పేదంతా దాని పొడవులోనే ఉంది కనుక కింద కోస్తే అర్థమే పోతుంది. కాలం వెంట నడిచే గీతకు సున్నా నుంచే మొదలవ్వాలన్న నియమం అంత గట్టిది కాదు. అయినా నిచ్చెన ఎక్కడ మొదలైందో చూడకుండా దాన్నీ నమ్మకూడదు.

ఇంకో మాయ నెలల్లో ఉంది. కత్తెర కాపు ఎండాకాలంలో వస్తుంది. కాయ కొరత, రసానికి గిరాకీ, కాబట్టి ధర ఎక్కువ. ఆగస్టు దాటాక సీజన్ పంట మార్కెట్ నిండా దిగుతుంది. ఏప్రిల్‌లో మొదలై సెప్టెంబరులో ఆగే గీత చాలా ఏళ్లు కిందికే దిగుతుంది. దాన్ని మార్కెట్ కూలడం అంటే ఎలా? ఈ సెప్టెంబరును నిరుటి సెప్టెంబరు పక్కన పెట్టి చూడాలి.

కనిష్ఠ ధర చూపి భయపెట్టడం మరొకటి. మార్కెట్ ధరలు చూపే ఆగ్‌మార్క్‌నెట్ సైట్‌లో కనిష్ఠం, గరిష్ఠం, ఎక్కువ సరుకు అమ్ముడైన ధర అని మూడు ఉంటాయి. మంగు పట్టిన కాయ కుప్ప ఒక్కటి తక్కువకు పోయినా కనిష్ఠం కిందికి జారుతుంది. నాణ్యమైన కాయ ఉన్న రైతుకు దాంతో ఏం పని? పైగా అక్కడి లెక్క క్వింటాల్లో, మన బేరం టన్నుల్లో.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది సూట్, అంటే తూకంలో కోసే తరుగు. టన్నుకు క్వింటా సూట్ తీస్తే 16,000 బేరంలో రైతు చేతికొచ్చేది 14,400. వెయ్యి తగ్గిందని ఎర్రక్షరాలు వేసినవాళ్లు ఈ పదహారు వందల మాట ఏ బొమ్మలోనూ వేయరు.

లారీలు ఎక్కువొస్తే ధర పడుతుందన్న పాత మాటను మాత్రం కొట్టేయలేను. చాలా రోజులు అది నిజమే. అందుకే ధర గీత కింద, వచ్చిన సరుకు టన్నులు కూడా గీయమంటాను. సరుకు పెరగకుండానే ధర పడితే కారణం మరెక్కడో ఉంది, అడగాలి.

బొమ్మల మీద ఇంకొన్ని అపోహలున్నాయి. గుండ్రటి ముక్కల బొమ్మే గొప్పదన్నది తప్పు, అయిదారు ముక్కలు దాటితే ఏది పెద్దదో తెలియదు. లోతున్నట్టు కనిపించే రంగుల కడ్డీలు కంటిని మోసం చేస్తాయి. కంప్యూటర్ లేనిదే కుదరదన్నది వట్టిమాట, పిల్లల గ్రాఫ్ పుస్తకం చాలు.

నందికొండలోని హిల్ కాలనీ, పైలాన్ కాలనీ దుకాణదారులకూ ఒక మాట. నిరుటి నెలతో పోల్చమన్న సూత్రం మీకు ఒక్కోసారి చాలదు. 2023లో కృష్ణకు వరద లేక నాగార్జునసాగర్ గేట్లు లేవలేదు, 2024 ఆగస్టులో లేచాయి. ఈ రెండు ఆగస్టుల చేపల అమ్మకం, హోటల్ గల్లా పక్కపక్కన గీస్తే కనిపించేది మీ వ్యాపారం కాదు, వరద, దాన్ని చూడ్డానికొచ్చిన జనం. గేట్లు ఎత్తిన రోజులకు వేరే రంగు వేయండి. మామూలు రోజులను మామూలు రోజులతోనే పోల్చండి. కొత్త ఫ్రిజ్ కొనాలా, ఇంకో పనివాణ్ని పెట్టాలా అన్నది ఆ మామూలు రోజుల గీత చూసి తేల్చుకోండి.

ఇక రైతుకు: నోట్‌బుక్‌లో తేదీ, టన్నులు, పలికిన ధర, సూట్, చేతికొచ్చిన డబ్బు అని అయిదు గడులు గీసుకోండి. రెండు సీజన్లు రాస్తే మీ తోట గీత మీకే వస్తుంది. ఈసారి దళారి ఫోన్ చూపిస్తే నిచ్చెన ఎక్కడ మొదలైంది, ఏ నెల నుంచి ఏ నెలకు, ఏ మార్కెట్, కనిష్ఠమా గరిష్ఠమా అని అడగండి. జవాబు రాకపోతే రెండు కాయలు కోసి రసం, తీపి చూడండి. తెంపాలో వద్దో కాయను బట్టి తేల్చండి.