నిమ్మలకుంట తోలుబొమ్మల కుటుంబాలు: బంధుత్వం, శిష్యరికం

చిత్రకళా చరిత్రలో బంధుత్వం, శిష్యరికం తరచు పెనవేసుకుని కనిపిస్తాయి. 18వ శతాబ్దపు ఫ్రాన్సులో ఫ్రాంస్వా బూషే శిష్యులైన డెసే, బోదువాన్ 1758లో ఆయనకు అల్లుళ్లయ్యారు. ఫ్రగొనార్ తన మరదలు మార్గరీత్ జెరార్‌కు చిత్రలేఖనం నేర్పాడు. అయితే అక్కడ 1648లో ఏర్పడిన రాజాస్థాన అకాడమీ ఇంటి వెలుపల మరొక గుర్తింపునిచ్చేది. అనంతపురం కరవు సీమలోని తోలుబొమ్మల కళాకారులకు ఇల్లే పాఠశాల.

ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంట 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఇక్కడి దళవాయి, సిందే మొదలైన ఇంటిపేర్ల కుటుంబాలు ఇంట మరాఠీ మాండలికం మాట్లాడుతూ, తెరవెనుక తెలుగులో రామాయణ, భారత కథలు ఆడతాయి. ఈ గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

ఈ విద్యకు రెండు అంగాలున్నాయి. మొదటిది చేతిపని: మేకతోలును శుభ్రపరచి, వెలుగు చొరబడేంత పలుచగా గీకి, ఆరబెట్టి, రేఖలు గీసి, ఉలితో రంధ్రాలు కొట్టి, ఇరువైపులా రంగులు వేయడం. రెండవది ఆట: పద్యం, పాట, సంభాషణ, బంగారక్క, జుట్టుపోలిగాడు వంటి హాస్యపాత్రల సమయస్ఫూర్తి. స్త్రీ పాత్రలకు కుటుంబంలోని స్త్రీలే గొంతునిస్తారు. అందువల్ల తండ్రి నుండి కుమారునికి గీసే వంశావళి ఈ శిష్యరికంలో సగాన్నే చూపుతుంది.

సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే ఈ సీమలో ఆటకూ వానకూ సంబంధముంది. వానల కోసం విరాటపర్వం ఆడించే ఆచారం తెలుగు పల్లెల్లో ఉండేది. ఊరి ఆదరణ తగ్గి, సినిమా, టెలివిజన్ విస్తరించాక రాత్రంతా సాగే ప్రదర్శనలు అరుదయ్యాయి. కుటుంబాలు ల్యాంప్‌షేడ్లు, గోడ అలంకరణల తయారీకి మళ్లాయి.

ఈ మార్పు జీవనోపాధిని నిలిపింది. శిష్యరికాన్ని మాత్రం రెండుగా చీల్చింది. ల్యాంప్‌షేడు చేస్తూ కొత్త తరం రేఖ, రంగు, ఉలిదెబ్బ నేర్చుకోగలదు. పద్యపు విరుపు, పాత్రకు తగిన గొంతు, ప్రేక్షకుని మాటకు తక్షణ ప్రత్యుత్తరం ఆట జరిగినప్పుడే అబ్బుతాయి. బొమ్మ అంగడికి చేరినా ఆట ఆగిపోతే, ఈ సంప్రదాయంలో చేయి మిగిలి గొంతు పోతుంది. కనుక పరిశోధకులు ఎవరు ఎవరి సంతానమన్న వివరంతో ఆగక, ఎవరు ఎవరి వద్ద ఏ అంగాన్ని నేర్చారో వేరుగా నమోదు చేయడం అవసరం.