నట్టిల్లు ఎక్కడ?

పాఠశాలలో ద్విరుక్తటకార సంధి చెప్పు రోజున ఉపాధ్యాయుడు నల్లబల్లపై వ్రాయు ఉదాహరణములలో ‘నట్టిల్లు’ తప్పక ఉండును. నడు, ఇల్లు అను రెండు పదములు కలిసి నట్టిల్లైనవని విద్యార్థులు ఇట్టే అప్పగింతురు. కాని తమ ఇంటిలో నట్టిల్లు ఏదని అడిగినచో వారిలో పలువురు సమాధానము చెప్పలేరు. వ్యాకరణమున నిలిచిన మాట ఇంటిలో వాడుక తప్పినది.

తెలుగున ‘ఇల్లు’ అను మాట మొత్తము గృహమునకును, అందలి గదికిని కూడ చెల్లును. వంటిల్లు, పడమటిల్లు, పురిటిల్లు అను పేర్లే ఇందుకు సాక్ష్యము. గది చేయు పనిని బట్టియో, ఉన్న చోటును బట్టియో పేరు ఏర్పడినది. నేడు క్రొత్త ఇల్లు తలపెట్టిన కుటుంబము మొదట ఎన్ని గదులు కావలెనని లెక్కించుచున్నది. ఎవరు, ఏ వేళ, ఎక్కడ, ఏ పని చేయుదురన్న ప్రశ్న ఆ లెక్కకు ముందే రావలసియున్నది.

కోస్తా జిల్లాలలోని పాత మండువా లోగిళ్లను చూచినచో ఈ సంగతి బోధపడును. వీథివైపు అరుగులు, లోపల చుట్టును వసారాలు, నడుమ ఆకాశమునకు తెరచిన మండువా. నాలుగు వైపుల పెంకుల వాలు లోపలికి దిగును. వాననీరు మండువాలో పడి తూము గుండా వెలుపలికి పోవును. సంస్కృత వాస్తు గ్రంథములు స్థలమును 64 లేక 81 గళ్లుగా విభజించి, నడిమి భాగమును బ్రహ్మస్థానమన్నవి. విశ్వాసము మాట అటుంచినను, నడుమ విడిచిన ఆ చోటు లోపలి వసారాలకు వెలుతురునిచ్చును, వేడిగాలి పైకి పోవుటకు దారియగును. అయినను ఆ ఇల్లు నిర్దోషమని చెప్పరాదు. లోపలి గదులకు కిటికీలు తక్కువ. వంటింటి పొగ అంతయు స్త్రీల పాలు. పైగా నేటి పట్టణపు స్థలములో మండువాకు చోటు దొరకుట కష్టము. దానినుండి గ్రహింపవలసినది ఆకారము కాదు, ఆలోచన.

ఒక ఉపాధ్యాయుడు పట్టణములో 200 గజముల స్థలము కొన్నాడనుకొందము. వెడల్పు 30 అడుగులు, పొడవు 60 అడుగులు, తూర్పు వీథి. ఇంటిలో భార్య, బడికి పోవు పిల్లలిద్దరు, వృద్ధురాలైన తల్లి. ఇంజనీరు వ్రాసి యిచ్చిన ప్లానులో క్రింద హాలు, వంటిల్లు, దంపతుల గది; మేడపై రెండు గదులు. కాగితము చుట్టు అందరు మూగినారు. తల్లి కండ్లద్దాలు సవరించుకొని, “ఇందులో నేనెక్కడుంటానురా నాయనా?” అని అడిగినది.

“మేడ మీద గది నీదేనమ్మా. గాలి బాగా వస్తుంది.”

“మెట్లెన్ని?”

కొడుకు లెక్కకట్టినాడు. పదిన్నర అడుగుల ఎత్తుకు ఏడంగుళాల మెట్లు పదునెనిమిది. ఆ అంకె పైకి చెప్పుటకు అతనికి నోరు రాలేదు.

ఆ రాత్రి భార్యాభర్తలు గళ్ల కాగితము ముందు వేసికొని, ఒక సెంటీమీటరును ఒక మీటరుగా తీసికొని ప్లానును తిరిగి వ్రాసినారు. మంచములు, బీరువా, పిల్లల చదువు బల్ల అదే కొలతకు కత్తిరించి గదులలో పేర్చినారు. అప్పుడు తెలిసినది: గోడల వెలుపలి అంచులనుండి పది, పన్నెండు అడుగులుగా కొలిచిన గది, తొమ్మిదంగుళాల గోడలు పోగా, ఎనిమిదిన్నర, పదిన్నర అడుగులే మిగులును. 120 చదరపుటడుగులలో దాదాపు నాలుగవ వంతు గోడల క్రిందికి పోయినది. జాతీయ భవన నిర్మాణ నియమావళి, నివాసపు గది ఒక్కటే ఉన్నచో దానికి కనీసము 9.5 చదరపు మీటర్ల వైశాల్యము, 2.4 మీటర్ల వెడల్పు ఉండవలెనన్నది గోడల లోపలి కొలతనే.

తరువాత ఎండ. విజయవాడ సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశమున ఉన్నది. జూన్ 21న మధ్యాహ్నము అక్కడ సూర్యుడు నడినెత్తికి ఏడు డిగ్రీలు ఉత్తరముగా ఉండును. డిసెంబరు 21న దక్షిణమున 50 డిగ్రీల ఎత్తుననే ఉండును. కనుక దక్షిణపు కిటికీపై సన్‌షేడు వేసవి మధ్యాహ్నపు ఎండను ఆపును, చలికాలపు ఎండను కొంత లోనికి రానిచ్చును. పడమటి ఎండ అట్లు కాదు. సాయంకాలము వాలి సన్‌షేడు క్రిందినుండి దూరును. కాగిన గోడ రాత్రి చాలసేపు వేడిని విడుచును. అందుచేత మెట్లు, సామానుల గది పడమటికి జరిపి, పడకగదులను ఆ గోడకు దూరము చేసినారు.

చివరకు దంపతులు మేడపైకి పోవుటకు నిశ్చయించుకొని, క్రింది గదిని తల్లికి విడిచినారు. స్నానాల గదిని ఆమె తలుపు ప్రక్కకు తెచ్చుటకు హాలు నాలుగడుగులు తగ్గినది. పెద్ద హాలు ఉపాధ్యాయుని చిరకాలపు కోరిక. రోజంతయు వంటింటిలో నిలబడిన భార్య ఇకపై రాత్రి పదునెనిమిది మెట్లు ఎక్కవలెను. ఎవరికిని కొంత తగ్గకుండ 200 గజములలో అందరికి చోటు దొరకదు. ఎవరికి తగ్గినదో తెలిసి తగ్గించుకొనుట వేరు. మాటాడని వారికి తగ్గించుట వేరు.

పునాది త్రవ్వుటకు ముందు మేస్త్రి నేలపై ముగ్గు పోసినాడు. అందరు ఆ గీతల నడుమ నడిచి చూచినారు. భార్య వంటింటి చోట నిలిచి, “ఇక్కడినుంచి వీథి గుమ్మం కనబడటం లేదండీ” అన్నది. ఒక కిటికీ ప్రక్కకు జరిగినది. తల్లి మంచము చోటినుండి స్నానాల గదికి అడుగులు లెక్కించినది. ఏడు. “ఇక్కడ గడప పెట్టించకురా, రాత్రిపూట కాలు తగులుతుంది” అన్నది. మేస్త్రి కాలితో ఆ గీతను చెరిపినాడు.

‘ఇల్లు కట్టి చూడు’ అని పెద్దలన్నది ఖర్చును, శ్రమను తలచి. కాగితముపై గీత మార్చుటకు రబ్బరు చాలును, ముగ్గు మార్చుటకు కాలు చాలును. గోడ లేచిన తరువాత గునపము కావలెను.

ద్విరుక్తటకార సంధి చెప్పిన మరునాడు ఉపాధ్యాయుడు తన విద్యార్థులచే వారి వారి ఇండ్ల ప్లానులు గీయించి, ఇంటిలోని ప్రతివారు పగలెక్కడ కూర్చుందురో, రాత్రి ఎక్కడ పండుకొందురో గుర్తు పెట్టుమనవచ్చును. లెక్క, భూగోళము, తెలుగు మూడును అందు కలిసి వచ్చును. నాయనమ్మ గుర్తు ఎక్కడ పెట్టవలెనో తోచక ఏ పిల్లవాడైనను తడుముకొన్నచో, అతడు ఆ సాయంకాలము ఇంటికి పోయి ఆ ప్రశ్న అడుగును.